మాస్క్‌లోకి నీళ్ళు ఎప్పుడు వస్తున్నాయి

మళ్ళీ వచ్చాయి. ఎడమ చెంప మీదుగా సన్నగా, చల్లగా, సూదిలోకి దారం ఎక్కించినంత నెమ్మదిగా వచ్చి ముక్కు పక్క గుంటలో చేరాయి. ఇక అక్కడి నుంచి కదలవు. తల వంచితే అద్దం మీదికి, ఎత్తితే ముక్కులోకి, పక్కకి తిప్పితే కంట్లోకి, ఒక్క గది అద్దెకి తీసుకుని మెల్లగా ఇల్లంతా తమదేనన్నట్టు తిరిగే మనుషుల్లాగా. కింద తెల్లటి ఇసుక, ఇసుక మీద నా మోకాళ్ళు, ఎదురుగా కోచ్ అమ్మాయి మోకాళ్ళు. ఆ అమ్మాయి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి నా అద్దం ముందు పట్టుకుంది, బాగానే ఉన్నారా అని. నేనూ సున్నా చుట్టి చూపించాను. బాగానే ఉన్నాను. బాగోకేం, ముక్కులో ఉప్పునీళ్ళు, కంట్లో ఉప్పునీళ్ళు, నోట్లో రబ్బరు ముక్క, నడుముకి సీసం దిమ్మలు, వీపున ఇనప సిలిండర్, ఇంతకన్నా బాగా ఎవరుంటారు. ఇంకొంచెం వచ్చాయి నీళ్ళు. అడగడం పాపం, వచ్చేస్తాయి. కోచ్ చెయ్యి అడ్డంగా చాపి నెమ్మది, నెమ్మది అని సైగ చేస్తోంది. నెమ్మదిగానే ఉన్నాను తల్లీ, నెమ్మది లేనిది నీళ్ళకి.

పడవ మీద ఈ మాస్క్ ఎంత బుద్ధిమంతురాలో. పట్టీ తలకి తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో చిటికెడు గాలి పీల్చి చేతులు వదిలేయాలి, పడిపోకుండా ముఖానికే అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. పడలేదు. రోజూ పడలేదు. "చూశారా ఆంటీ, మీకు కొలత తీసి కుట్టినట్టుంది" అంది కోచ్. ఆంటీ. మా అమ్మాయి కంటే నాలుగు రోజులు పెద్దదో చిన్నదో, మా అమ్మాయి స్నేహితురాళ్ళు పిలిస్తే లేని మంట ఈ అమ్మాయి పిలిస్తే ఎందుకో, బహుశా నీళ్ళలో నా ఊపిరి ఆ అమ్మాయి చేతిలో ఉండటం వల్ల. లోపల ఆవిరి పట్టకుండా అద్దంలో ఉమ్మి రుద్దమంది, మొదటిరోజు. "ఉమ్మేయండి ఆంటీ, అందరూ చేసేదే." ముఖానికి పెట్టుకునేదాంట్లో ఉమ్మేయడమేమిటి, మూతి కడుక్కునే నీళ్ళలో కాళ్ళు కడుక్కున్నట్టు. సంచిలో తెచ్చుకున్న పసిపిల్లల షాంపూ ఒక చుక్క రుద్దాను, ఎవరికీ పట్టనంత మెరుపు పట్టింది నా అద్దం. ఆ మెరిసే అద్దంలోంచి నీళ్ళు స్పష్టంగా కనబడుతున్నాయి ఇప్పుడు.

ఈ మాస్క్ మా వదినది, అంటే మా ఆయన అక్కగారిది. చెవిపోటు వచ్చి ఆవిడ డైవింగ్ మానేసింది, బయటివాళ్ళకి ఇచ్చేకన్నా ఇంట్లోవాళ్ళకిస్తే నయమని నాకిచ్చింది. ఆవిడ మానేసినవి మా ఇంట్లో చాలా ఉన్నాయి, తలుపు కింద చెంచా కాడ దూర్చితే తప్ప మూసుకోని ఓవెన్, ఆవిడ మడమ అచ్చు పడిపోయిన నడక బూట్లు, ఒకవైపు మాత్రమే వాలే కుర్చీ. అన్నిటికీ ఒకప్పుడు గొప్ప ధర ఉండేదట, ధర చెప్పకుండా ఆవిడ ఏదీ ఇవ్వదు. మొన్న సాయంత్రం మా ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టి అడిగారు, అక్కా, నీ మాస్క్ కారుతోందంటోంది అని. "కారడమా? అది కారడమేమిట్రా? నాకు ఇన్నేళ్ళలో ఒక్క చుక్క రాలేదు" అని, కాస్త ఆగి, గొంతు మెత్తగా చేసి, "ఆవిడ ముఖం కొంచెం గుండ్రం కదా, అందుకై ఉంటుందిలే" అంది. మా ఆయన నా ముఖం వైపు చూశారు, నిజంగా, కొలుస్తున్నట్టు చూశారు. అంటే మాస్క్‌లో లోపం లేదు, ముఖంలో ఉంది. మాస్క్ మార్చుకోవచ్చు, ముఖం ఎక్కడ మార్చుకోను.

కోచ్ మళ్ళీ చేసి చూపిస్తోంది. మాస్క్ పై అంచు నుదుటికేసి నొక్కు, పైకి చూడు, ముక్కుతో వదులు. నొక్కాను, చూశాను, వదిలాను. బుడబుడమని నీళ్ళు కింది అంచు దగ్గర దారి చేసుకుని బయటికి పోయాయి, గాలి వచ్చింది, లోకం మళ్ళీ గీత గీసినట్టు స్పష్టమైంది. ఇసుకలో ఒక చిన్న పీత తన గుంట చుట్టూ ఇసుక గోళీలు పేర్చుకుంటోంది. దూరంగా రాయి పక్కన మా అమ్మాయి కాళ్ళకి పసుపు ఫిన్స్, దాని పక్కన మా ఆయన నల్ల ఫిన్స్. ముక్కుతో గాలి వదలడం ఇప్పుడు బాగానే వచ్చు. మొదటిరోజు ఈ ముక్కే నా కొంప ముంచింది. ఈతకొలనులో పాఠం మొదలుపెడుతూనే నోటితో పీల్చండి, నోటితో వదలండి, మీకు ముక్కుందన్న సంగతే మర్చిపోండి అంది కోచ్. మర్చిపోయాను. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాను నేను, అదే వచ్చిన చిక్కు. సముద్రంలో తాడు పట్టుకుని దిగుతుంటే మాస్క్ ముఖాన్ని లోపలికి లాక్కోవడం మొదలుపెట్టింది, ముందు ముద్దు పెట్టుకున్నట్టు, తర్వాత కప్పు పెట్టి పీల్చినట్టు, కనుగుడ్లు ఊడి అద్దానికి అతుక్కుంటాయేమో అనిపించింది. ఇలాగే ఉంటుంది కాబోలు, అందరూ ఓర్చుకుంటున్నారు కాబోలు అనుకుని ఓర్చుకున్నాను. పైకి వచ్చాక కోచ్ చూసి నెత్తి కొట్టుకుంది. దిగేకొద్దీ లోపలి గాలి కుంచించుకుపోతుంది, అప్పుడప్పుడు ముక్కుతో కాస్త వదులుతూ ఉండాలి, చెప్పలేదా ఆంటీ నేను? చెప్పలేదు తల్లీ. ముక్కుని మర్చిపొమ్మని చెప్పావు.

మర్నాడు పొద్దున అద్దంలో చూసుకుంటే కళ్ళలో తెల్లగుడ్డు లేదు, రెండు పక్కలా నెత్తురు పరుచుకుంది. నొప్పి లేదు, చూడ్డానికే భయం. కళ్ళ చుట్టూ చెంపల దాకా మాస్క్ అంచు ఎర్రగా గుండ్రంగా అచ్చు పడింది, ఎడమ చెంప మీద ఒక్కచోట మాత్రం ఆ గీత తెగి, మళ్ళీ కింద మొదలైంది. మా ఆయన టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకునే వచ్చి చూసి, "నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని రా బాబూ, తినే దగ్గర జనం నన్ను కొడతారు" అన్నారు. పెట్టుకున్నాను. రొట్టెకి వెన్న రాస్తుంటే కళ్ళద్దాలు జారాయి, పక్క బల్ల మీది పెద్దావిడ నావైపు జాలిగా, మా ఆయన వైపు నిప్పులు కక్కుతూ చూసింది. ఆవిడకి నేను నవ్వుతూ ఏం లేదండీ, సముద్రం అన్నాను. ఆవిడ ఇంకా జాలిపడింది.

మళ్ళీ సున్నా. బాగున్నారా? బాగున్నాను. నీళ్ళు. ఛీ. అరికాలి మంట నెత్తికెక్కుతోంది, ఇన్ని నీళ్ళలో కూర్చుని కూడా. పట్టీ బిగిద్దామా? ఇంకా ఎక్కడ బిగిస్తాను, చెవుల వెనక ఎముక నొక్కుకుపోతోంది. పొద్దున పడవలో మా ఆయన కోచ్ అటు తిరగ్గానే పట్టీని ఒక పన్ను బిగించారు. "ఆ పిల్ల వదులుగానే ఉండాలంటుంది, నాకు తెలీదా, నేనెన్నేళ్ళ నుంచి చేస్తున్నాను." నాకూ అదే నిజమనిపించింది, ఆయన బిగించాక చాటుగా నేను ఇంకో పన్ను బిగించుకున్నాను. కుక్కర్ మూత పక్క నుంచి ఆవిరి పోతే బిగిస్తాం, సీసాలో నూనె కారితే బిగిస్తాం, కొళాయి కారితే బిగిస్తాం, నా చెయ్యి ఇంకోలా నేర్చుకోలేదు. నీళ్ళే దాన్ని ముఖానికి నొక్కి పెడతాయి ఆంటీ, బిగిస్తే అంచు మడతపడి ఇంకా కారుతుంది అంది కోచ్, అది కూడా నిజమే అనిపించింది. వదులు చేసిన రోజు కారింది, బిగించిన రోజు కారింది. వెంట్రుకలు అడ్డుపడ్డాయేమోనని మా అమ్మాయి వెతికి వెతికి నుదుటి మీది చిన్న జుట్టంతా టోపీలోకి తోసింది, కారింది. అంచుకి వాజలైన్ రాశాను, జిడ్డుగా కారింది.

ఇవాళ్టితో ఆఖరు. ఈ ఇసుక మీద కూర్చుని మాస్క్ పూర్తిగా తీసేసి, మళ్ళీ పెట్టుకుని, నీళ్ళు వెళ్ళగొట్టి చూపిస్తే కోర్సు అయినట్టు. తీసేయడం మాట దేవుడెరుగు, పెట్టుకున్నదే నిలవకపోతే ఏం చూపించను. చేతకాకపోతే ఇంటికి పోయి మళ్ళీ సెలవలొచ్చేదాకా ఆగాలి, ఆ సెలవల్లో మళ్ళీ నేను పడవలో కూర్చోవాలి. ఎన్ని సెలవలు కూర్చున్నానో. ఒడి నిండా ఇద్దరి సామాన్లు, ఆయన కళ్ళజోడు, ఆయన వాచీ, పిల్ల చెవి పోగులు, రెండు ఫోన్లు, తువ్వాళ్ళు. వాళ్ళిద్దరూ వెనక్కి పల్టీ కొట్టి మాయమైపోతారు, నీళ్ళ మీద బుడగలు లేస్తుంటాయి, ఆ బుడగల్ని చూస్తూ నేను ఆ సామాన్లన్నిటికీ కాపలా. పైకి వచ్చాక కళ్ళు వెలిగిపోతూ, అది చూశావా నాన్నా, దాని తోక చూశావా అని వాళ్ళలో వాళ్ళు. నాకు చెప్పరని కాదు, చెప్తారు. జోక్ అయిపోయాక అర్థం చెప్పినట్టు చెప్తారు.

ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఆ నీళ్ళ సైగలే. ఎవరైనా చుట్టం వచ్చి కదలకుండా మాట్లాడుతుంటే పిల్ల పిడికిలి గుండెకి ఆనించి, గాలి అయిపోతోందని, వాళ్ళ నాన్న పొలమారేలా నవ్వడం. అది వాళ్ళే చెప్పారు. చెప్పనిది ఇంకొకటి ఉంది. అరచెయ్యి చాపి, పడవలాగా అటూ ఇటూ ఊపడం. పిల్ల కళ్ళతో నన్ను చూపించి చెయ్యి ఊపేది, వాళ్ళ నాన్న చూసి, ఊఁ అని కంచంలోకి తల దించేవారు, ఇద్దరూ గబగబా తినేసి కంచాలు వాళ్ళే ఎత్తేసేవాళ్ళు. ఏంటర్రా అంటే ఏం లేదమ్మా అనేది. ఉప్పు సంగతి అనుకున్నాను నేను. కూరలో ఉప్పు అటూ ఇటూ అయిందని. మర్నాడు తగ్గించేదాన్ని, మళ్ళీ చెయ్యి ఊపితే పెంచేదాన్ని. ఏళ్ళ తరబడి ఒక అరచెయ్యి చూసి ఉప్పు వేశాను. ఈ కోర్సు మొదటిరోజు, తరగతిలో, కోచ్ బోర్డు ముందు నిలబడి అరచెయ్యి అటూ ఇటూ ఊపి, "ఇది, ఏదో తేడాగా ఉంది అని. ఊపి, ఎక్కడ తేడాగా ఉందో అది చూపించాలి, చెవి అయితే చెవి, మాస్క్ అయితే మాస్క్" అంది. నేను పెన్ను కింద పెట్టేశాను. అమ్మ తేడాగా ఉంది. ఇన్నేళ్ళూ నా ముఖం చూసి వాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నది అది. తెలుసన్నమాట వాళ్ళకి. తెలిసి, అమ్మా ఏమైంది అని నోటితో ఒక్క మాట అడగడానికి బదులు గబగబా కంచాలు ఎత్తేశారన్నమాట. ఆ పూట నుంచి ఈ పూట దాకా ఎవరితోనూ ఏమీ అనలేదు నేను. కడుపులో ఉడుకుతోంది, అంతే. మూత బాగానే బిగించాను.

వెళ్ళగొట్టాను. గాలి. పీత తన గోళీల్లో ఒకటి నచ్చక పక్కకి తోసేసింది, నాలాంటిదే. నీళ్ళు ఎక్కడ నుంచి వస్తున్నాయి, ఎడమ చెంప నుంచి, అది తెలుసు, తెలిసి ఏం లాభం. మా పాత అద్దె ఇంట్లో స్నానాలగది కప్పు చెమ్మ పట్టి పెచ్చులూడేది. ఒకాయన వచ్చి ఇక్కడ నుంచి అని పగలగొట్టాడు, ఇంకొకాయన వచ్చి కాదు ఇక్కడ నుంచి అని ఇంకో చోట పగలగొట్టాడు, చెమ్మ మాత్రం పోలేదు. ఎక్కడ ఎక్కడ అని అందరూ పైకి చూస్తుంటే నేను వంటింట్లోంచి వింటూ ఉండేదాన్ని. పైవాళ్ళ బట్టల మిషన్ గిర్రున తిరిగి ఆగిన కాసేపటికి మా కప్పు చెమటపట్టేది, వాళ్ళు ఊరెళ్ళినప్పుడు ఎండేది. ఎక్కడ అని కాదు, ఎప్పుడు అని చూశాను. పైవాళ్ళ మిషన్ గొట్టం మార్చారు, కప్పు ఎండింది, మా ఆయన అందరికీ నేనే కనిపెట్టానని చెప్పుకున్నారు. నేనూ నవ్వుతూ ఊరుకున్నాను.

ఎప్పుడు వస్తున్నాయి మరి. దిగేటప్పుడు రాలేదు. తాడు పట్టుకుని భయంతో బిగుసుకుపోయి దిగాను, చుక్క రాలేదు. పీతని చూస్తున్నప్పుడు రాలేదు. నీళ్ళు వెళ్ళగొట్టేటప్పుడు అసలే రాలేదు. నిన్న మా ఆయన కెమెరా పట్టుకుని వచ్చి చెయ్యి ఊపినప్పుడు వచ్చాయి. మొన్న పిల్ల నా ఎదురుగా తలకిందులుగా తేలి వెక్కిరించినప్పుడు వచ్చాయి. కోచ్ బాగున్నారా అంటే వస్తున్నాయి, అనకపోతే లేదు. బాగున్నాను అని సున్నా చుట్టగానే వస్తున్నాయి, ఇది మరీ విచిత్రం, చెయ్యి చుట్టిన సున్నాకీ చెంప మీది రబ్బరుకీ ఏం సంబంధం. కిందికి చూస్తూ పీతకి సున్నా చుట్టి చూపించాను. రాలేదు. ఇంకోసారి చూపించాను. రాలేదు. కోచ్ తల పక్కకి వంచి వింతగా చూస్తోంది, ఆంటీ పీతతో మాట్లాడుతోంది అనుకుంటూ ఉంటుంది. తల ఎత్తి కోచ్‌కి చూపించాను. వచ్చాయి. సన్నగా, చల్లగా, ఎడమ చెంప మీదుగా.

పీతకీ కోచ్‌కీ తేడా ఏమిటి. కోచ్ మనిషి. మనిషి కనబడితే నేను. ఆఁ.

అమ్మా, నీ నవ్వు స్క్రీన్ సేవర్ లాంటిది, అంది పిల్ల ఒకసారి, పదో తరగతిలోనో ఎప్పుడో, కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే వచ్చేస్తుంది అని. అందరం నవ్వాం, అందరికన్నా ముందు నేను. ముఖం గంటు పెట్టుకోకు, ఎదుటివాళ్ళకి ఏం పాపం అనేది మా అమ్మ, జడ వేస్తూ దువ్వెనతో గడ్డం కింద పొడిచి పైకి ఎత్తేది. ఫొటో స్టూడియోవాడు ఇంకొంచెం, ఇంకొంచెం అనేవాడు. మా ఆయన ఆఫీసువాళ్ళు ఇంటికొస్తే, మా ఆవిడ ముఖంలో నవ్వు చెరగదండీ అని ఆయన, ఓవెన్ తలుపుకి చెంచా దూర్చుతూ నేను. రెండు చెంపలూ పైకి లేస్తాయి, ముక్కు పక్క నుంచి మూతి చివరిదాకా కాలవ పడుతుంది, ఎడమవైపు కాస్త లోతుగా, నేను ఎడమవైపు ఎక్కువ నవ్వుతాను, పెళ్ళి ఫొటోల నుంచీ అంతే. ఆ కాలవలోంచి వస్తున్నాయి. అద్దంలో ఎర్రగీత తెగింది అక్కడే. నోట్లో రబ్బరు ముక్క పెట్టుకుని, సముద్రం అడుగున, ముక్కులో నీళ్ళతో, ఎవరైనా బాగున్నావా అంటే చాలు నేను నవ్వుతున్నాను. నవ్వి సున్నా చుడుతున్నాను. రబ్బరుకి తెలీదు పాపం అది మర్యాద అని, సందు ఇచ్చేస్తోంది. వదిన మాస్క్ మంచిదే. వదినకి చుక్క రాకపోవడంలో వింత లేదు, ఆవిడ ఎవరినీ చూసి నవ్వదు.

వెళ్ళగొట్టాను. కోచ్ కళ్ళలోకి చూశాను. సున్నా చుట్టింది. చెంపలు లేవబోయాయి, వాటంతటవే, బెల్లు మోగితే తలుపు దగ్గరికి కాళ్ళు పరిగెత్తినట్టు. ఆపాను. దవడ వదిలేశాను. ముఖాన్ని ఎవరూ లేని మధ్యాహ్నం వంటగట్టు దగ్గర ఎలా ఉంటుందో అలా వదిలేసి, సున్నా చుట్టాను. ఎదురుచూశాను. చుక్క రాలేదు. ఇంకా ఎదురుచూశాను. ఇసుక, మోకాళ్ళు, అద్దం, గాలి, అంతా పొడిగా. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇంతేనా. ఇన్ని రోజులు, వాజలైన్, జుట్టు, కళ్ళలో నెత్తురు, గుండ్రటి ముఖం, ఇంతేనా.

ఆ కోపంలోనే చేసేశాను మిగతాదంతా. కోచ్ తీయండి అని సైగ చేస్తే కళ్ళు మూసుకుని మాస్క్ తీసేశాను, ముఖమంతా ఒక్కసారి చల్లగా, ఇన్ని నీళ్ళు నేరుగా రెప్పలకి తగిలాయి, నోటితో పీల్చాను, వదిలాను. తడుముకుంటూ పట్టీ పళ్ళు వెనక్కి జరిపాను, మా ఆయన బిగించినది ఒకటి, నేను బిగించినది ఒకటి. పెట్టుకున్నాను, నొక్కాను, పైకి చూసి వదిలాను. కళ్ళు తెరిస్తే కోచ్ నీళ్ళలో చప్పుడు లేకుండా చప్పట్లు కొడుతోంది. తల ఊపాను. నవ్వలేదు.

రాయి దగ్గర నుంచి నల్ల ఫిన్స్, పసుపు ఫిన్స్ వచ్చాయి. మా ఆయన కెమెరా ముందుకి పట్టుకుని సున్నా చుట్టారు. నేను సున్నా చుట్టాను, ఉన్న ముఖంతో. ఆయన కెమెరా దించారు. దగ్గరికి వచ్చి మళ్ళీ చుట్టారు, పెద్దగా. నేనూ పెద్దగా చుట్టాను. నమ్మలేదు. అద్దం వెనక ఆయన కళ్ళు గుండ్రంగా అయిపోయాయి, వెంటనే పిల్ల వైపు తిరిగి, నన్ను చూపించి, అరచెయ్యి అటూ ఇటూ ఊపారు. నా ముందే. నేను చదివేయగలనన్న ఆలోచనే లేదు. పిల్ల నావైపు చూసింది, ఆయన చెయ్యి వైపు చూసింది, దానికి తట్టింది, తట్టినట్టు తెలుస్తూనే ఉంది. ఆయన నా తల వెనక పట్టీ బిగించడానికి చెయ్యి చాపితే మణికట్టు పట్టుకుని ఆపాను. ఒళ్ళంతా మండుతోంది. మాస్క్‌లో మాత్రం చుక్క లేదు.

పైకి వచ్చి పడవెక్కి సిలిండర్ దింపాను. "ఏమైంది నీకు లోపల? భయమేసిందా?" అన్నారాయన, తువ్వాలు ఇస్తూ.

"లేదు."

"మరి ఆ ముఖమేంటి?"

"నా ముఖమే."

పిల్ల కిసుక్కుమని, మళ్ళీ మూతి మూసుకుంది. కోచ్ నా భుజం తట్టి, "పాసయ్యారు ఆంటీ, ఇంక మీకు నాతో పని లేదు" అంది. పడవ మీద కూర్చున్నాం, ఒంట్లో గాలి సర్దుకోవాలట, కాసేపు ఆగితే గానీ మళ్ళీ దిగకూడదట. ఎండ బాగుంది, వెచ్చగా, వీపు మీద ఉప్పు ఎండి చర్మం లాగుతోంది. కోచ్‌ది కాక నిండు సిలిండర్లు ఇంకా రెండే మిగిలాయి, రాయి అవతల తాబేలు పడుకునే గుహ లాంటిది ఉందట, లోతు లేదు, చూసి వచ్చేయొచ్చట. "సరే, నేనూ అమ్మాయీ చూసొచ్చేస్తాం" అన్నారు మా ఆయన, అప్పుడే కళ్ళజోడు తీస్తూ. "నువ్వు అలిసిపోయావు, కూర్చో. ఇదిగో, ఇవి పట్టుకో." కళ్ళజోడు వచ్చింది ఒళ్ళోకి. వాచీ వచ్చింది. ఫోన్లు వచ్చాయి. ఏళ్ళుగా వస్తున్న దారే, వాటికి తెలుసు. నా చెంపలకీ తెలుసు, లేవడం మొదలుపెట్టాయి, ఫర్లేదు, మీరు వెళ్ళిరండి అని నాలుక చివర దాకా వచ్చింది.

చెయ్యి చాపాను. అరచెయ్యి కిందికి పెట్టి, అటూ ఇటూ ఊపాను. ఊపి, ఒళ్ళో ఉన్నవాటిని చూపించాను.

"నాన్నా" అంది పిల్ల మెల్లగా. "అమ్మ సైగ చేస్తోంది."

"ఏం సైగ?"

"మనదే."

ఆయన కళ్ళు చికిలించి చూశారు, కళ్ళజోడు నా దగ్గరే ఉంది కదా. "ఏంటి తేడా? ఏమైంది?"

"ఇన్నేళ్ళూ మీలో మీరే చెప్పుకున్నారుగా" అన్నాను. నోట్లో రబ్బరు ముక్క పెట్టుకుని పెట్టుకుని దవడ నొప్పి. "కంచాలు ఎత్తేసుకుంటూ. నేను దాన్ని చూసి ఉప్పు మార్చుకుంటూ వచ్చాను, తెలుసా? ఇప్పుడు నన్ను అడగండి."

"ఉప్పా?" అన్నారాయన.

"అయ్యో అమ్మా" అంది పిల్ల, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని. అది నవ్వో ఏడుపో దానికే తెలిసినట్టు లేదు. కోచ్‌కి ఎక్కడో చుట్టి ఉన్న తాడుని విప్పి మళ్ళీ చుట్టాల్సిన అవసరం వచ్చింది.

ఆయన మొహం ఎర్రబడింది, ఎండకో దేనికో. "ఏమైంది?" అన్నారు చివరికి, చాలా చిన్నగా, కొత్త మనిషిని అడిగినట్టు.

"ఆ రెండో సిలిండర్ నాది."

"ఇప్పుడేగా పైకొచ్చావు, ఆ మాస్క్ కారుతూ..."

"కారదు."

ఎలా అని అడగబోయి మానేశారు. వంగి నా ఒళ్ళోంచి కళ్ళజోడు తీసుకున్నారు, వాచీ తీసుకున్నారు, ఫోన్లు తీసుకున్నారు. "తువ్వాళ్ళు?" అన్నారు.

"అవి కూడా."

గాలి సర్దుకున్నాక వెనక్కి పల్టీ కొట్టాం, నేనూ పిల్లా, కోచ్ ముందు. దిగుతూ దిగుతూ ముక్కుతో కాస్త కాస్త వదులుతూ వచ్చాను, మాస్క్ పిండలేదు, ముఖం ముఖంలాగే ఉంది. ఇసుక దగ్గర పిల్ల నా ఎదురుగా నిలిచి సున్నా చుట్టింది. నేను సున్నా చుట్టాను, నవ్వకుండా. అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది, తర్వాత తల ఊపింది, సరే, ఇదీ నీ ముఖమే అన్నట్టు. గుహ వైపు తిరగబోతూ ఆగి, నా భుజం తట్టి, వేలు పైకి చూపించింది. చూశాను. పైన వెలుగులో పడవ అడుగు, నల్లగా, గింజలాగా. దాని అంచు మీదుగా ఒక తల, ఒక మెడ, చంకలో తువ్వాళ్ళ మూట, మా బుడగల్ని వెతుక్కుంటూ వంగి వంగి చూస్తోంది, అలలకి ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా. పిల్ల దాన్నే చూపిస్తూ, అరచెయ్యి చాపి, గంభీరంగా, అటూ ఇటూ ఊపింది.

చెంపలు లేచాయి. ఈసారి నేను ఆపలేదు, ఆపేలోపే కడుపులోంచి వచ్చేసింది, రెండు వైపులా కాలవలు పడి, సందు దొరికి, నీళ్ళు ఎడమ నుంచి, కుడి నుంచి కూడా, ముక్కు దాకా, కళ్ళ దాకా. పిల్ల కంగారుగా చెయ్యి చాపింది. వద్దని నేను పై అంచు నుదుటికి నొక్కిపట్టి, పైకి చూసి, ముక్కుతో గట్టిగా వదిలాను. బుడగలన్నీ గుంపుగా లేచి ఆయన వైపు వెళ్ళాయి.